సైకిల్ ధర ఒక్కసారే, ట్రయథ్లాన్ ఖర్చు ఏడాది పొడవునా

ట్రయథ్లాన్ చేస్తున్నామని చెబితే చాలు, ఎదుటివాళ్లు ముందుగా అడిగేది సైకిల్ ఖరీదు గురించే. లక్షా, రెండు లక్షలా, ఇంకా ఎక్కువా? ఆ అంకె వినగానే కొందరు ఇది మనవల్ల అయ్యే పని కాదని అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు ఒకసారి కొనేస్తే ఇక ఖర్చేముందని దిగిపోతారు. ఇద్దరి లెక్కా తప్పే. సైకిల్ ఒకసారి కొంటాం, జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్లు తొక్కుతాం. దాని వెనకాలే నెలనెలా వచ్చే ఖర్చుల సంగతి మొదట్లో ఎవరూ చెప్పరు. వందల్లో మొదలై, ఏడాది తిరిగేసరికి తడిసి మోపెడయ్యేవి అవే. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఈ సరదా పెట్టుకున్నవాళ్లలో ఒకడిగా, వీటిలో ఏది తప్పని ఖర్చో, ఏది మనకు మనమే నెత్తికెత్తుకున్నదో విడదీసి చూడాలనుకుంటున్నాను.

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తిచేయడమే ట్రయథ్లాన్. చిన్నదైన స్ప్రింట్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన పోటీ దూరం దానికి రెట్టింపు. మన దగ్గర ఎక్కువమంది కలగనేది సగం ఐరన్‌మ్యాన్: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. పూర్తి ఐరన్‌మ్యాన్ అయితే ఇవన్నీ రెట్టింపు. నటుడు మిలింద్ సోమన్ 2015లో జ్యూరిచ్‌లో యాభయ్యో ఏట దాన్ని పూర్తిచేసిన వార్త చదివి, నలభై దాటిన ఎంతోమంది మళ్లీ సైకిలెక్కారు. దూరం పెరిగేకొద్దీ రేసు రోజు కష్టం పెరుగుతుందని అందరికీ తెలుసు. సాధనకు పట్టే కిలోమీటర్లు, వాటితోపాటు అరిగే సరుకు ఎంత పెరుగుతాయో మాత్రం దిగాకే తెలుస్తుంది.

ఈ ఖర్చు గురించి రెండు మాటలు తరచూ వింటాం. ఇది డబ్బున్నవాళ్ల ఆట అన్నది ఒకటి. పట్టుదల ఉంటే చాలు, పాత సైకిల్‌తోనైనా చేయొచ్చన్నది రెండోది. ఆట పుట్టుక చూస్తే రెండో మాటే నిజమనిపిస్తుంది. 1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఒవాహు దీవిలో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగినప్పుడు బరిలో దిగింది 15 మందే. చివరిదాకా వెళ్లినవాళ్లు 12 మంది. మంచినీళ్లు, తిండి అందించడానికి ఎవరి స్నేహితులను వాళ్లే వెంట తెచ్చుకున్నారు. ఇవాళ ఆ పేరు పెద్ద వ్యాపారం. 2015లో చైనాకు చెందిన వాండా గ్రూపు ఆ సంస్థను 65 కోట్ల డాలర్లకు కొంది. 2020లో అది 73 కోట్ల డాలర్లకు మళ్లీ చేతులు మారింది. అంత పెట్టి కొన్నవాళ్లు ఎంట్రీ ఫీజులు, టోపీలు, టీషర్టుల మీదే రాబట్టుకోవాలి. కాబట్టి ఆట చవకగా ఉండొచ్చు, ఆ ముద్ర ఉన్న రేసు చవకగా ఉండదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే వాదన తేలడం లేదు.

ముందు తప్పని ఖర్చులు చూద్దాం. సగం ఐరన్‌మ్యాన్‌కు తయారయ్యే మామూలు ఉద్యోగి వారానికి ఎనిమిది నుంచి పది గంటలు సాధన చేస్తాడు. అందులో పరుగు 30 కిలోమీటర్లు, సైకిల్ 120 కిలోమీటర్లు అనుకుందాం. సెలవులు, జ్వరాలు తీసేసినా ఏడాదికి పరుగు 1,500 కిలోమీటర్లు, సైకిల్ 6,000 కిలోమీటర్లు దాటుతాయి. పరుగు బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తాయి. పైన కొత్తగానే కనిపిస్తాయి గానీ లోపలి మెత్తటి పొర అణిగిపోతుంది. ఆ సంగతి బూటు కన్నా ముందు మోకాలికీ పిక్కకూ తెలుస్తుంది. అంటే ఏడాదికి రెండు జతలు ఖాయం, బరువున్న మనిషైతే మూడు. జత ఆరేడు వేలకు మంచివి దొరుకుతాయి. అడుగున కార్బన్ పలక ఉన్న రేసు బూట్లు ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటాయి. సాధనకు వాటి అవసరం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు చెప్పులు, బూట్లకు జీఎస్టీ 5 శాతమైంది గానీ, ఈ పనికి నిలిచే బూట్లు ఆ ధరకు దొరకడం కష్టం. వాటి మీద 18 శాతం అలాగే ఉంది. అదే మార్పులో సైకిళ్లు, వాటి విడిభాగాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగడం కాస్త ఊరట.

సైకిల్‌లో డబ్బు తినేది చైను. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కాస్త శ్రద్ధ పెడితే ఏటా కొన్ని వేలు మిగులుతాయి. చైను సాగుతుందంటారు గానీ, ఇనుము సాగడం కాదది. లింకులను కలిపే పిన్నుల దగ్గర దుమ్మూ నూనే కలిసిన ముద్ద ఆకురాయిలా లోహాన్ని అరగదీస్తుంది. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి వదులైనా, మొత్తం చైను పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన చైను వెనక చక్రం పళ్ల మీద సరిగా కూర్చోక వాటినీ కోసేస్తుంది. దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. అంగుళాల గుర్తులున్న స్టీలు స్కేలు చాలు. సున్నా గుర్తును ఒక పిన్ను నడిమధ్యన పెట్టండి. కొత్త చైనుకు 12 అంగుళాల గుర్తు కూడా సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలో పడుతుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగితే చైను మార్చే వేళైనట్టు. ఎనిమిదో వంతు జరిగిందంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, అదే క్యాసెట్, అప్పటికే పాడైపోయి ఉంటుంది. రెండు మూడు వేల చైనును వేళకు మార్చకపోతే ఐదారు వేల క్యాసెట్ కూడా కొనాల్సి వస్తుంది. చైను మూడు నుంచి ఐదు వేల కిలోమీటర్లు నడుస్తుంది. వానలో తొక్కి తుడవకుండా వదిలేస్తే అంత కూడా రాదు. ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్ల మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా తొక్కేవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే పాత గుడ్డతో చైను తుడిచి, ఆరాక చుక్క చుక్కగా నూనె వేయడానికి పది నిమిషాలు చాలు.

టైర్లు, ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు, హ్యాండిల్ పట్టీ, ఏడాదికి రెండు సర్వీసింగులు కలుపుకుంటే సైకిల్ ఖాతా పదిహేను నుంచి పాతిక వేల మధ్య తేలుతుంది. టైరు దగ్గర పిసినారితనం పనికిరాదు. ఘాట్ దిగుతున్నప్పుడు టైరు పేలితే పోయేది డబ్బొక్కటే కాదు.

ఇక ఈత. మన ఊళ్లలో ఈ ఆటకు అసలు అడ్డంకి సైకిల్ ధర కాదు, ఈత కొలను. సైకిల్‌కు రోడ్డుంది, పరుగుకు పార్కుంది, ఈతకు మాత్రం నెలనెలా కట్టి తీరాలి. ప్రభుత్వ స్టేడియంలో అయితే వెయ్యి, రెండు వేలతో పోతుంది. ప్రైవేటు కొలనుల్లో నెలకు మూడు నుంచి ఆరు వేలు. చాలా కొలనులు వేసవి పిల్లల శిక్షణ మీదే బతుకుతాయి. చలికాలం రాగానే కొన్ని మూతపడతాయి, తెరిచి ఉన్నవాటిలో నీళ్లు గజగజలాడిస్తాయి. వేడినీళ్ల కొలను కావాలంటే ఫీజు ఇంకో మెట్టు ఎక్కుతుంది. అపార్టుమెంటులో కొలనుంది కదా అని సంబరపడే కొత్తవాళ్లుంటారు. అందులో నాలుగు బారలు వేస్తే గోడ తగులుతుంది. రెండు కిలోమీటర్ల సాధనకు వందకు పైగా మలుపులు తిరిగితే అది ఈత అనిపించుకోదు. క్లోరిన్ వల్ల సాగే బట్టలు నెలల్లోనే వదులైపోతాయి. పూర్తి పాలిస్టరు బట్టతో కుట్టినవి రెండింతలు మన్నుతాయి, మొదట నాలుగొందలు ఎక్కువైనా అవే కొనడం మేలు. హైదరాబాదువాళ్లకు సముద్రం లేదు. హుస్సేన్‌సాగర్‌లో ఈదే పరిస్థితి లేదు. అలల్లో ఈదడం అలవాటు కావాలంటే ఊరు దాటాలి, అదో ఖర్చు. విశాఖవాళ్లకు సముద్రం గుమ్మంలోనే ఉన్నా, ఆ తీరంలో లాగేసే ప్రవాహాల వల్ల గట్టు మీద కాపలా మనిషి లేకుండా దిగడం క్షేమం కాదు. మన దగ్గర సగం ఐరన్‌మ్యాన్ జరిగే గోవాలో నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి వెట్‌సూట్ అనే ఖరీదైన రబ్బరు కోటు మనకు అక్కర్లేదు. చలిదేశాల్లో ఈ సరదా పెట్టుకున్న మన తెలుగువాళ్లకు అది దాదాపు తప్పని కొనుగోలు.

ఆడవాళ్ల ఖర్చు మగవాళ్ల ఖర్చు కన్నా ఎక్కువని ఎవరూ రాయరు, కానీ నిజం అదే. చాలా కొలనుల్లో మహిళలకు విడిగా ఇచ్చే సమయం ఉదయం తొమ్మిదికో పదికో ఉంటుంది, ఉద్యోగినికి అది పనికిరాదు. దాంతో ఎక్కువ ఫీజున్న ప్రైవేటు కొలనుకు వెళ్లాల్సి వస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిల్ మీద ఒంటరిగా పోవడానికి ఇంట్లో ఒప్పుకోరు, రోడ్డూ భరోసా ఇవ్వదు. గుంపుతో వెళ్లాలి, లేదా వెనక కారు రావాలి. అదీ కాకపోతే ఇంట్లోనే ట్రైనర్ మీద సైకిల్ బిగించి తొక్కాలి. ప్రతి దారికీ ఒక రేటుంది. సాధన గుంపుల్లో ఆడవాళ్లు తక్కువ ఎందుకున్నారని ఆశ్చర్యపోయేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

తిండి దగ్గరికొస్తే, మార్కెట్ మనల్ని ఎక్కువగా భయపెట్టేది ఇక్కడే. పొడవాటి సాధనలో గంటకు 60 గ్రాముల పిండిపదార్థం ఒంటికి అందాలి, అలవాటైనవాళ్లు 90 దాకా తీసుకుంటారు. ఒక్కో జెల్ ప్యాకెట్లో ఉండేది సుమారు 25 గ్రాములు, ధర వంద పైన. నాలుగైదు గంటల సైకిల్ అంతా జెల్స్ మీదే నడిపిస్తే ప్రతి ఆదివారం వెయ్యి రూపాయలకు పైగా నోట్లో పిండుకోవాలి. అదే 60 గ్రాములు పంచదార రూపంలో మూడు రూపాయలు కూడా కాదు. పంచదార అణువులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. పేగులు వీటిని వేర్వేరు దారుల్లో పీల్చుకుంటాయి కాబట్టే ఖరీదైన జెల్స్ కూడా ఈ రెంటినీ కలిపే తయారుచేస్తారు. మెడికల్ షాపులో దొరికే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్‌ఎస్ పొడి లీటరు నీళ్లలో కలిపితే 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఉప్పుకు అది బాగానే సరిపోతుంది, శక్తికి మాత్రం చాలదు. అందులో నాలుగు పెద్ద చెంచాల పంచదార, సగం నిమ్మకాయ రసం కలిపితే గంటకు సరిపడా పానీయం తయారవుతుంది. దానికి తోడు అరటిపండో, పల్లీపట్టీ ముక్కో జేబులో వేసుకుంటే చాలు. రుచి, తీపి మొహం మొత్తకుండా చూసుకోవడం, కడుపుకు అలవాటు చేయడం ఎవరికి వాళ్లు కుదుర్చుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ఈ జోలికి పోకూడదు. ఇక్కడ ఒక మాట. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ ఫార్ములా లేనివాటికి ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. పిల్లల కోసం చేసిన ఆ పోరాటం వల్ల ఎండలో చెమటోడ్చే మాలాంటి వాళ్లకూ మేలు జరిగింది. రేసు రోజున, అంతకు ముందు ఒకటి రెండు ఆదివారాలు జెల్స్ వాడండి. మిగతా ఏడాదంతా వంటింటి డబ్బా చాలు.

ఒంటి మరమ్మతు ఖర్చు కూడా ఉంటుంది. పిక్కో, మోకాలో, భుజమో ఏదో ఒకటి ఏడాదిలో ఒకసారైనా పట్టేస్తుంది. ఫిజియోథెరపీ ఐదారు సార్లు, ఏటా ఒకసారి రక్తపరీక్షలు, నలభై దాటినవాళ్లకు గుండె పరీక్ష. ఈ చివరిదాన్ని ఖర్చుల పట్టికలోంచి కొట్టేసే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపితే నా లెక్కలో ఏడాదికి అరవై, డెబ్బై వేల దగ్గర మొదలై లక్షన్నర లోపు తేలుతుంది. ఎక్కువ తక్కువలకు ముఖ్య కారణం కొలను ఫీజు, జెల్స్ వాడకం. నెలకు ఐదారు వేలన్నది చిన్న మొత్తమేమీ కాదు. కానీ రెండు మూడు లక్షల ఖర్చు అని చెప్పి భయపెట్టేవాళ్ల అంకెలోకి వచ్చేవి వేరే ఉన్నాయి.

వాటిలో ఒకటి తెరల ఖర్చు. గడియారం, సాధన లెక్కలు చూపించే యాప్‌లు, ఇంట్లో తొక్కేటప్పుడు బొమ్మల రోడ్డు చూపించే జ్విఫ్ట్. జ్విఫ్ట్ ఒక్కటే 2024లో నెలకు 15 డాలర్ల నుంచి 20 డాలర్లకు పెరిగింది. విడిగా చూస్తే ఇవన్నీ కొన్ని వందలే కదా అనిపిస్తుంది. కార్డు నుంచి వాటంతట అవే పోతుంటాయి కాబట్టి గుర్తూ ఉండవు. ఆన్‌లైన్ కోచ్ అయితే నెలకు నాలుగు వేల నుంచి పదివేల పైదాకా. కోచ్ దండగ అనను. ఈత రానివాళ్లకు గట్టు మీద నిలబడి చేయి ఎలా తిప్పాలో చూపే మనిషికి ఇచ్చే ప్రతి రూపాయీ సార్థకమే. ఆ దశ దాటాక, అందరికీ ఒకే పట్టికను పేరు మార్చి పంపే కోచ్‌కు నెలనెలా కట్టడం మాత్రం వృథా. పాతదాన్ని ఇచ్చేసి కొత్త సైకిల్, తేలికైన చక్రాలు కొనుక్కోవాలన్న కోరికకు అంతు ఉండదు. పైగా మంచి సైకిళ్లు చాలావరకు దిగుమతివే. 2023 బడ్జెట్‌లో వాటి మీద కస్టమ్స్ సుంకం 30 నుంచి 35 శాతానికి పెంచారు. పిండి కొద్దీ రొట్టె అన్న మాట ఈ ఆటలో అందరూ మరిచిపోయేది ఇక్కడే.

రెండోది, అన్నింటికన్నా పెద్దది, రేసు ప్రయాణం. 2019 అక్టోబరులో గోవాలో సగం ఐరన్‌మ్యాన్ మొదలవడానికి ముందు మనవాళ్లు కొలంబోకో, మలేషియాలోని లంకావికో వెళ్లాల్సి వచ్చేది. ఆ లెక్కన గోవా ఎంతో దగ్గరైంది. అయినా చూడండి. ఎంట్రీ ఫీజే ఐదంకెల్లో ఉంటుంది, ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది. సాధనలో దెబ్బ తగిలి వెళ్లలేకపోతే అది చాలావరకు పోయినట్టే. సైకిల్‌ను ముందురోజే అప్పగించాలి కాబట్టి రేసు ముందు కనీసం రెండు రాత్రులు ఉండాలి. రేసయ్యాక అదే సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ బయల్దేరడం కష్టం గనక మూడో రాత్రి. ఆ వారాంతంలో మీరామార్ బీచ్ చుట్టుపక్కల గదుల అద్దెలు మామూలు రోజుల్లా ఉండవు. విమానంలో అయితే సైకిల్ విప్పి పెట్టెలో సర్దాలి. పెట్టె అద్దె, విమానం వాళ్ల సామాను రుసుము, అక్కడ దిగాక మళ్లీ బిగించే మెకానిక్ కూలి. భార్యాపిల్లలు వస్తే వాళ్ల ఖర్చు. ఎంత తగ్గించుకున్నా యాభై, అరవై వేలు అవుతుంది. కాస్త సుఖం చూసుకుంటే లక్ష. స్నేహితులు నలుగురు కలిసి ఒక బండి మాట్లాడుకుని, సైకిళ్లు దాంట్లోనే వేసుకుని రోడ్డు మీద వెళ్లడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా చవకైన పద్ధతి.

బాగా పరుగెత్తినవాళ్లకు ఇంకో బిల్లు కాచుకుని ఉంటుంది. గోవాలో తమ వయసు విభాగంలో ముందు నిలిచినవాళ్లకు ప్రపంచ పోటీల్లో చోటు ఇస్తారు. ఆ చోటు కావాలంటే అక్కడికక్కడే ఫీజు కట్టాలి. ఆ పోటీలు 2023లో ఫిన్లాండ్‌లోని లహ్తిలో, 2024లో న్యూజిలాండ్‌లోని టావ్‌పోలో, 2025లో స్పెయిన్‌లోని మార్‌బెయాలో జరిగాయి. వీసా, టికెట్లు, బస కలిపితే కొన్ని లక్షలు. చేతికందిన చోటును వదులుకుని గుండె దిటవు చేసుకుని వెనక్కొచ్చే మధ్యతరగతి ఆటగాళ్లుంటారు. వాళ్ల గురించి ఏ పత్రికలోనూ రాదు.

కోచ్, గోవా, రెండు మూడు యాప్‌లు కలుపుకుంటే లక్ష కాస్తా మూడు లక్షలవుతుంది. ఆ పెరిగిన రెండు లక్షల్లో ఒంటికి ఉపయోగపడేది తక్కువ, పేరుకు పోయేది ఎక్కువ. ఈ మాట అనడానికి నాకు సంకోచం లేదు. ఈతా, సైకిలూ, పరుగూ ఇచ్చే ఆరోగ్యం, నిద్ర, ధైర్యం మొదటి లక్షలోనే దొరికిపోతాయి. జీవితంలో ఒకసారి గోవా వెళ్లి రావడం మంచిదే, నేనూ వెళ్లమంటాను. ఏటేటా వెళ్లి తీరాలన్న పట్టుదల వల్లే ఇంట్లో తగువులు మొదలవుతాయి. ఆదివారం పొద్దున్నే ఆరు గంటలు రోడ్డు మీద ఉండే మనిషి, ఇంటివాళ్ల సమయాన్ని కూడా వాడుకుంటున్నాడు. దాన్ని రూపాయల్లో రాయలేం గానీ, ఖర్చు కాదనీ అనలేం.

మరి ఇది తగ్గేదెలా? ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో 2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ వెంట ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ దారిలో కనబడుతుంది. పైన సౌర ఫలకాల కప్పు, కింద కార్లు రాని దారి, పైసా రుసుము లేదు. కుర్రాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు, ఆడవాళ్లు అక్కడ భయం లేకుండా తొక్కుతున్నారు. ఈతకు అలాంటి మేలు ఇంకా జరగలేదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఈత కొలనులను నడిపే అధికారులను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఉదయం ఐదింటికి తలుపులు తీయండి, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు పనికొచ్చే వేళ ఒకటి కేటాయించండి, చలికాలంలో మూసేయకండి. సైక్లింగ్, రన్నింగ్ క్లబ్బులవాళ్లకు ఇంకో మాట. విశాఖ, వరంగల్, తిరుపతి, కరీంనగర్ లాంటి చోట్ల ఏడాదికి ఒక్క స్ప్రింట్ ట్రయథ్లాన్ పెట్టండి. పతకాలు, టీషర్టులు లేకపోయినా ఫరవాలేదు, ఫీజు వెయ్యి లోపు ఉంచండి, ఏ సైకిల్ మీద వచ్చినా రానివ్వండి. ఈ ఆటలోకి రావాలనుకుంటున్న పాఠకులు కొత్త సైకిల్ వెతకడం పక్కన పెట్టి, ముందు దగ్గర్లో ఏడాది పొడవునా తెరిచి ఉండే కొలను ఉందేమో కనుక్కోండి. అది ఉంటే ఇంట్లో ఉన్న సైకిల్‌తోనే వచ్చే ఆదివారం మొదలుపెట్టొచ్చు.